ఐదు ఖర్జూర మట్టలు పీకినందుకు

మా ఆవిడ లావణ్య ఫార్మసిస్టు. ఖతర్‌లో మందుల షాపులో పనిచేయాలంటే ఇక్కడి లైసెన్సు పరీక్ష పాసవ్వాలి. ఒకసారి తప్పింది. రెండోసారి శనివారం మధ్యాహ్నం పన్నెండున్నరకి దోహాలో పరీక్ష. ఆలస్యమైతే లోపలికి రానివ్వరు. మళ్ళీ తేదీ దొరకాలంటే మూడు నెలలు పడుతుంది, ఆమె కోసం ఆపి ఉంచిన ఉద్యోగం అన్నాళ్ళు ఆగదు. ప్రపంచ కప్ పేరు చెప్పి ఊరంతా తవ్వుతున్న రోజులవి. మదీనత్ ఖలీఫాలో మా ఇంటి కిటికీ కిందే పొద్దున్నుంచి సాయంత్రం దాకా డ్రిల్లింగ్ మోత. "ఈ గోలలో చదివింది కూడా మర్చిపోయేలా ఉన్నానండీ" అని లావణ్య తల పట్టుకుంది. వెస్ట్ బేలో మా ఆఫీసు పెద్దాయనకి ఉత్తరాన ఒక తోట ఉంది, ఒక రాత్రి ఉండి రండి అన్నాడాయన. పరీక్ష ముందురోజు ప్రయాణమేంటని లావణ్య అడిగింది. గంటంపావు దూరమే కదా, ప్రశాంతంగా చదువుకోవచ్చు అని ఒప్పించింది నేనే. తప్పు అక్కడే మొదలైంది.

శుక్రవారం రెండింటికి బయలుదేరాం. నలభై రియాళ్ళకే ట్యాంకు నిండింది. హైవే మీద దారి మళ్ళింపులు దాటడానికి ఇరవై నిమిషాలు అదనంగా పట్టింది. తారురోడ్డు దిగాక మూడు కిలోమీటర్ల మట్టిదారి, చివర్లో రెండు తోటల ప్రహరీల మధ్య ఒక సందు. మాది చిన్న కారే, హాయిగా వెళ్ళిపోయింది. తోట చూసుకునే రాజన్న గేటు దగ్గరే ఎదురొచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, యాభై దాటి ఉంటాయి. అక్కడ డ్రైవరూ, వంటవాడూ, మేకల కాపరీ అన్నీ ఆయనే. "పదకొండేండ్లాయె సారూ గీడికి అచ్చి. మా ఊర్లె ఇంకా రాజన్న దుబాయ్‌ల ఉన్నడనే అంటరు" అని నవ్వి, మాకు పచ్చిపులుసు, గుడ్ల కూర చేసి పెట్టాడు.

సాయంత్రం లావణ్య పుస్తకాలు ముందేసుకుంది. నాకేమో బ్లాగు పిచ్చి. కనబడిన ప్రతిదాన్నీ ఫోటో తీశాను. సందులో ఐదు ఎండిన ఖర్జూర మట్టలు నేలలో గుచ్చి ఉన్నాయి. ఎడారిలో చలిమంట వేసుకోకపోతే వచ్చి ఏం లాభం? ఐదూ పీక్కొచ్చి వెలిగించాను. రాజన్న మేకల దొడ్లో ఉన్నాడు కాబట్టి చూడలేదు. మట్టలు భలే మండాయి.

రాత్రంతా గాలి. తెల్లారి ఏడున్నరకి చూస్తే సందు నిండా మోకాటిలోతు ఇసుక, గోడ పక్కన నడుందాకా. కారు కదిలే దారే లేదు. నడిచి హైవే దాకా వెళ్ళినా ఆ వైపు టాక్సీ దొరకదు. లావణ్య హాల్ టికెట్ చేత్తో పట్టుకుని, దాని మీది పరీక్ష టైము మళ్ళీ మళ్ళీ చూసుకుంది. తిట్టినా బాగుండుననిపించింది.

రాజన్న మాత్రం నింపాదిగా ట్రాక్టరు తెచ్చాడు. ముందు పెద్ద ఇనుప బకెట్, వెనుక వేలాడదీసిన కాంక్రీటు దిమ్మ.

"యల్లా, కానివ్వండి రాజన్నా! ఒక్క ఊపున నెట్టేయండి" అన్నాను.

"ఊపుల గుద్దితె బకెట్ చేతులు వంకర వోతయ్ సారూ. మెల్లగ, సీదా పోవాలె. బకెట్ నేలకు ఆనద్దు, నాలుగు వేళ్ళంత పైకుండాలె. ఎనుక గా దిమ్మ లేకుంటె బరువంత ముందు టైర్ల మీద వడ్తది."

సీటు కింద నుంచి ఒక పుస్తకం తీసి లావణ్యకిచ్చాడు. "ట్రాక్టర్ తోని అచ్చింది బిడ్డా. ఇంగ్లీషు నాకు రాదు, బొమ్మలు జూసి నేర్సుకున్న. మంచు తీసుడు గురించట. మనకు గీడ ఇసుకనే మంచు. నేను జేసేది సక్కగున్నదో లేదో జర సదువు."

లావణ్య చదివి తెలుగులో చెప్పింది. "మంచు పడకముందే, కింద దాగిపోయే వాటి పక్కన కట్టెలు పాతి గుర్తు పెట్టుకోవాలట అన్నా."

"గట్లనే పెట్టిన!" రాజన్న ముఖం వెలిగిపోయింది. "పైపు కాడ, వాల్వు కాడ, సిమెంటు గట్లకాడ... మొత్తం అయిదు మట్టలు పాతిన. అవి జూసుకుంట పోతె ఏం గాదు."

చెప్పక తప్పలేదు. "రాజన్నా... ఆ మట్టలు రాత్రి నేను మంటలో వేశాను."

ఆయన ఇంజను ఆపేశాడు. "అయ్యో సారూ! ఇసుక కింద గట్టు ఏడుందో ఎట్ల ఎరుకైతది? బకెట్ పల్గితె ఇంకో ట్రాక్టర్ లేదు."

లావణ్య నావైపు తిరిగింది. "ఏమండీ, నిన్న నన్ను సందులో నిలబెట్టి ఫోటోలు తీశారు కదా. ఫోను ఇటివ్వండి."

దొరికింది! సూర్యాస్తమయం, నవ్వుతున్న లావణ్య, వెనుక మట్టలు. గోడకి వరుసగా ఉన్న స్తంభాలు ఇసుక పైకి ఇంకా కనబడుతున్నాయి. ఫోటోలో లెక్కపెట్టి, మూడో స్తంభం ఎదురుగా ఒకటి, ఐదో దాని పక్కన ఒకటి అంటూ తోటలోంచి తెచ్చిన మట్టలు మళ్ళీ గుచ్చాను. నాలుగే కనబడ్డాయి. ఐదోదానికి లావణ్యే అడ్డు. రాజన్న గడ్డపలుగు తీసుకుని ఫోటోలో ఆమె నిలబడిన చోటు చుట్టూ అడుగడుక్కీ పొడిచి చూశాడు. ఠంగుమంది. "దొర్కింది బిడ్డా!" అని అరిచాడు. నా ప్రాణం లేచొచ్చింది.

తర్వాత పని చూడముచ్చటగా సాగింది. కొంచెం ఎత్తడం, వెనక్కి రావడం, గాలి వాటం చూసి సందు బయట పోయడం. మట్ట దగ్గరికి రాగానే ట్రాక్టరు ఆపి పారతో ఇసుక తీసేవాడు. అడుగున పలచగా ఇసుక వదిలేశాడు, దాని మీద కారు నడిచింది. పదింబావుకి దారి తెరుచుకుంది, బకెట్ మీద కొత్త గీత ఒక్కటి లేదు. డబ్బు ఇవ్వబోతే చేయి అడ్డం పెట్టాడు. "ఫులూస్ వద్దు సారూ. మట్టలు మల్ల అచ్చి పాతుండ్రి గని, ముందు బిడ్డను పరీచ్ఛకు అందియ్యుండ్రి."

పన్నెండుకి పరీక్ష హాలు ముందు దింపాను. లావణ్య లోపలికి వెళ్ళి తలుపు మూసుకున్నాక కారులో కూర్చుని హమ్మయ్య అనుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గేముంది, కళ్ళు చెమ్మగిల్లాయి కూడా. బుధవారం ఫలితం వచ్చింది, పాసైంది. నేను పక్కనే ఉన్నా మొదటి ఫోను రాజన్నకే చేసింది.

ఇన్నేళ్ళు దేశాలు తిరుగుతూ, నేను చూసే చోట్లన్నీ నా ఫోటోల కోసమే ఉన్నాయనుకున్నాను. అక్కడ ప్రతి కట్టె వెనుకా ఒక మనిషి చేసుకున్న ఏర్పాటు ఉంటుందని తట్టలేదు. ఫలితం వచ్చిన రెండు రోజులకి, శుక్రవారం, దోహా పక్కనున్న ముఐథర్‌లో ఐదు ఇనుప ఊచలు కొని, ఎర్రరంగు పూసి తీసుకెళ్ళి ఆ సందులో పాతాను. రాజన్న వాటిని ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి, చివరిది పీకి రెండడుగులు పక్కన పాతాడు. మీరూ అటు వెళ్తే ఒక్క సలహా: వంటచెరకు బస్తా దోహాలోనే కొనుక్కెళ్ళండి. ఇసుకలో నిలబెట్టి ఉన్న కట్టె కనబడితే, చలికి వణికినా సరే, దాన్ని అలాగే వదిలేయండి.