బాపు పంటి కింద ముడి

తెలంగాణ ఉద్యమం రోజుల్లో కోరుట్లలో మా బాపుకు కట్టుడు పళ్ల బ్రిడ్జి పెట్టించాం. రోజూ దాని కింద దారంతో శుభ్రం చేయకపోతే చిగురు వాస్తుందన్నాడు డాక్టరు. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే బాపు మగ్గం పోగే వాడాడు. ఒకరోజు అది బ్రిడ్జి కిందే తెగింది.

“పోగు తెగితే పారేస్తమా? నాకు కనవడ్తలేదు, నువ్వు ముడెయ్యి బిడ్డా.”

బయటికున్న కొసకు కొత్త పోగు ముడివేసి లాగాను. మళ్లీ తెగి, ముడి లోపలే ఉండిపోయింది.

చిగురు ఉబ్బి చీము పట్టింది. బందుల వల్ల కోరుట్లకు బస్సుల్లేవు. బాపు నోటి వాసన రాకుండా తువ్వాల అడ్డం పెట్టుకునే మాట్లాడేవాడు.

చివరికి డాక్టరు బ్రిడ్జి ఊడదీసి, నల్లబడ్డ ముడిని చూపించాడు. “గిది ఎవలేసిండ్రు?”

“నేనే ఏసుకున్న,” అన్నాడు బాపు, నావైపు చూడకుండా.

బాపు పోయి ఏళ్లయినా ఆ వాసన ముడి వేసిన నా వేళ్లను వదల్లేదు. అప్పుడే నన్ను ఒక్క తిట్టు తిట్టి ఉంటే పోయేదేమో.