గురువారం సెలవు చీటీ

మా సెలవుల బాబాయికి ఉన్నదల్లా ఒకటే పిచ్చి. గుర్రాల తరఫున సెలవు చీటీలు రాస్తాడు.

కాళ్ళు సాయం రాని పిల్లల్ని, నోరు విప్పని పిల్లల్ని గుర్రమెక్కించి, నెమ్మదిగా నడిపించి వైద్యం చేసే కేంద్రం మాది. నేను మేనేజర్ని, బాబాయి గుర్రాల్ని చూసుకుంటాడు. పొద్దున్నే నా బల్లమీద పాత క్యాలెండరు కాగితం ఉంటుంది. ‘గౌరవనీయులైన మేనేజరు గారికి, నిన్న వాన చూసినప్పటినుంచి నా మనసు మనసులో లేదు. కావున ఒకరోజు సెలవు మంజూరు చేయ ప్రార్థన. ఇట్లు, తమ విధేయురాలు పెద్దమ్మాయి.’ పెద్దమ్మాయంటే మా ముసలి ఆడగుర్రం. సంతకం చోట నల్లటి గిట్ట ముద్ర. నా స్టాంపు ప్యాడు ఎటుపోయిందో అప్పుడు తెలిసింది.

“గుర్రానికి సెలవేంటి బాబాయ్!”

“పిల్లలు జుట్టు పీకుతారు, చెవిలో కేకలు పెడతారు. అది కిక్కురుమనదు. దాని తరఫున ఎవరో ఒకరు రాయాలిగా బాబూ?”

“మరి నువ్వు పదకొండేళ్ళలో ఒక్క సెలవూ పెట్టలేదే?”

“పెట్టి ఎక్కడికెళ్ళను?” అంటూ దాణా బకెట్టు పట్టుకుని వెళ్ళిపోయాడు. నాకు నవ్వు రాలేదు. ఆదివారాలు నేనూ ఆఫీసుకే వస్తాను మరి.

పెద్దమ్మాయి చీటీలు మాత్రం ప్రతి గురువారం తప్పేవి కావు. ఒకసారి చెవి దురద, ఒకసారి అలక, ఇంకోసారి పీడకల! చివరికి కేంద్రాన్ని నడిపే కమిటీవాళ్ళకు ఒళ్ళు మండింది. “ఇంకొక్క సెలవు పెడితే ఆ గుర్రాన్ని పంపించెయ్యండి” అన్నారు. మర్నాడే గురువారం. చీటీ రానే వచ్చింది. చిర్రెత్తుకొచ్చి, దాన్ని పిడికిట్లో నలిపి గుర్రాల పాకకు వెళ్ళాను.

లోపల చక్రాల కుర్చీలో ఒక అమ్మాయి. ఏడేళ్ళు పెద్దమ్మాయి మీద తిరిగిన పిల్ల. పెరిగి బరువెక్కింది, గుర్రం నడుం పాడవకూడదని నిరుడు నేనే పేరు కొట్టేశాను. ఆనాటినుంచి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం లేదని వాళ్ళమ్మ చెప్పింది కూడా. ఆ పిల్ల ఇప్పుడు జూలు దువ్వుతూ గలగలా కబుర్లు చెబుతోంది. పెద్దమ్మాయి తల ఆమె ఒళ్ళో ఉంది.

“ఇదేంటి బాబాయ్?”

“ఎక్కితేగా బాబూ బరువు? సెలవురోజు ఇంటికి చుట్టాలు రాకూడదా?”

సిగ్గేసింది. ఆ సాయంత్రమే కమిటీ ముందు ఇంతెత్తున లేచాను. ‘గురువారం: జూలు దువ్వే వైద్యం’ అని రాయించి, ఆ పిల్ల పేరు మళ్ళీ ఎక్కించేదాకా కుర్చీలోంచి కదల్లేదు. పెద్దమ్మాయిని పంపడం ఆగిపోయింది. ఇక చీటీల బెడద వదిలిందనుకున్నాను.

పై గురువారం బల్లమీద మళ్ళీ క్యాలెండరు కాగితం!

‘గౌరవనీయులైన కమిటీ వారికి, మా మేనేజరు గారు మూడేళ్ళుగా తలుపేసుకుని ఒక్కరే అన్నం తింటున్నారు. ఈమధ్య ఫ్యానుతో మాట్లాడుతున్నారు. కావున గురువారం మధ్యాహ్నాలు వారికి సెలవు ఇప్పించ ప్రార్థన. ఇట్లు, పెద్దమ్మాయి.’

కింద గిట్ట ముద్ర. కమిటీదాకా ఎందుకని నేనే మంజూరు చేసేసి, క్యారేజీ పట్టుకుని పాకకు వెళ్ళాను. బాబాయి అప్పటికే నాకోసం ఒక బకెట్టు బోర్లించి ఉంచాడు.