మొక్కుబడి అన్నయ్య

మా అన్నయ్యను అమ్మ కడుపులో ఉండగానే ఇచ్చేసింది. అంతకు ముందు పుట్టిన ఇద్దరూ పొత్తిళ్ళలోనే పోయారు. మళ్ళీ నొప్పులు మొదలైనప్పుడు ఆసుపత్రి మంచం మీద పడుకుని, "ఈ బిడ్డనైనా బతికించు తండ్రీ, నీ సేవకే ఇచ్చేస్తాను" అని మొక్కుకుంది. బిడ్డ బతికాడు. అప్పుడే చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరుగారు ఆ సంగతి ఆదివారం నాడు అందరి ముందూ చాటారు. దాంతో అన్నయ్యకు అసలు పేరు పెట్టక ముందే మారుపేరు వచ్చేసింది, మొక్కుబడి అని. "మొక్కుబడి పాలు తాగాడా?" "మొక్కుబడికి జలుబు చేసిందా?" నాకు ఊహ తెలిసేనాటికి అదే వాడుకలో ఉంది.

ఒక్క సంగతి నాకు ఈనాటికీ మింగుడు పడదు. క్రిస్మస్ కథలో దేవదూత వచ్చి, దేవుడి కొడుకును కనాలని ఆ కన్యకు కబురు చెప్పి, ఆమె ఔననేదాకా నిలబడ్డాడని ఏటా చెప్పేది ఈ పాస్టరుగారే. చెప్పేటప్పుడు ఆయన గొంతు కూడా గద్గదమవుతుంది. అడిగి ఆగడం దేవుడికి చేతనైంది, మావాళ్ళకు చేతకాలేదు. అన్నయ్యను ఎవరూ ఏనాడూ అడగలేదు.

ఆ మొక్కు పేరు చెప్పి అతనికి బంతాట లేదు, పాట లేదు, పక్కింటి పిల్లలతో పేచీ పడే హక్కు కూడా లేదు. "నువ్వు దేవుడి సొత్తురా" అనేది అమ్మ. బళ్ళో చదివే పిల్లవాణ్ణి స్టూలెక్కించి ప్రసంగం చెప్పించారు. మధ్యలో మాట మరిచిపోయి గుటకలు మింగుతుంటే, కింద నుంచి అమ్మ పెదాలు కదిలిస్తూ అందించింది. పెద్దవాళ్ళంతా మురిసిపోయి కళ్ళు తుడుచుకున్నారు. స్టూలు మీద ఆ పిల్లవాడు చెమటతో తడిసి ముద్దవుతున్నాడని ఒక్కరికీ తోచలేదు.

పెద్దయ్యాక పాస్టర్ల శిక్షణకు పంపారు. ఏడాది తిరక్కుండానే పెట్టె పట్టుకుని తిరిగొచ్చాడు. "దేవుడు పిలిచాడని మీరంటున్నారు. నాకు వినబడలేదమ్మా. వినబడిందని అందరితో అబద్ధం చెప్పలేక చస్తున్నాను" అన్నాడు. అమ్మ రోజుల తరబడి ముద్ద ముట్టలేదు. పాస్టరుగారు వచ్చి, ఈ ఇంటి మీద ఇక దేవుడి చెయ్యి ఎలా ఉంటుందో చెప్పలేనన్నారు. ఓదార్చడానికి వచ్చిన మనిషి అనే మాటేనా అది?

అన్నయ్య లిఫ్టులు బాగుచేసే పనిలో చేరాడు. నడుముకు తాడు కట్టుకుని, నూనె వాసన కొట్టే ఆ చీకటి గోతుల్లోకి దిగేవాడు. ఎవరైనా మధ్యలో ఇరుక్కుపోయి కేకలు వేస్తుంటే, ముందు తలుపు సందులోంచి ధైర్యం చెప్పి, తర్వాత మోటారుండే పై గదికెక్కి చేత్తో చక్రం తిప్పి వాళ్ళను అంతస్తుకు చేర్చేవాడు. "పాస్టరుగారు మనుషుల్ని పైకే తీసుకెళ్తారు, నేనూ పైకే తీసుకెళ్తాను. కాకపోతే నేను మళ్ళీ కిందికి దింపుతాను" అని మమ్మల్ని నవ్వించేవాడు. అమ్మ మాత్రం నవ్వేది కాదు. ఇంత జరిగినా అతను చర్చి మానలేదు. ఎవరూ పంపకుండానే వెళ్ళి చివరి బెంచీలో కూర్చునేవాడు.

అయినా ఇంట్లో ఏం జరిగినా తప్పు అన్నయ్యదే. నాన్నకు పక్షవాతం వచ్చింది, మొక్కు తీరలేదు కాబట్టి. ఇంటి కప్పు కారింది, మొక్కు తీరలేదు కాబట్టి. నేను లెక్కల పరీక్ష తప్పితే అదీ మొక్కు వల్లేనట. నేను పుస్తకం తెరవనే లేదన్న సంగతి ఎవరికీ పట్టలేదు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అన్నట్టు అందరూ అతన్నే అనేవారు, అతను తల వంచుకుని పడేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది, వాళ్ళ మీద ఎంతో, నోరు మెదపని అన్నయ్య మీదా అంతే.

ఈ ఏడాది అన్నయ్య కూతురికి జ్వరం పట్టుకుంది. రెండో తరగతి పిల్ల. వారాలు గడిచినా తగ్గలేదు. మందులు మార్చారు, డాక్టర్ని మార్చారు, చివరికి తగ్గింది. పాప లేచి తిరుగుతోందన్న సంతోషంతో ఆ ఆదివారం అందరం చర్చికి వెళ్ళాం. పాప నాన్నమ్మ పక్కన ముందు వరుసలో కూర్చుంది.

ప్రసంగం అయ్యాక పాస్టరుగారు చెయ్యి చాచి, "తండ్రి తప్పిన మొక్కును ఈ చిన్నారితో తీర్చడానికి వీళ్ళ నాన్నమ్మ ముందుకొచ్చింది. పాపను దేవుని సేవకు ప్రతిష్ఠిద్దాం" అన్నారు.

అన్నయ్యకు తెలియదు. వదినకు తెలియదు. నాకూ తెలియదు. మేం తేరుకునేలోపే అమ్మ పాప చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కేసింది. పాప తన కొత్త చెప్పుల వంక చూసుకుంటోంది. ఒక బతుకును కాల్చుకు తిన్నది చాల్లేదు కాబోలు! కడిగేద్దామని లేవబోయాను. అప్పటికే అన్నయ్య బెంచీల మధ్య నుంచి ముందుకు నడుస్తున్నాడు.

"తండ్రిగా నీకు సమ్మతమేనా?" అడిగారు పాస్టరుగారు.

"అడుగుతున్నారా, చెబుతున్నారా?" అన్నాడు అన్నయ్య.

"అడుగుతున్నాను."

"అడిగితే, సమ్మతం కాదు."

ఎవరి చేతిలోంచో పాటల పుస్తకం జారి కింద పడింది. పాస్టరుగారి మొహం ఎర్రబడింది.

"దేవుడి మాట వినడం నీకు మొదటి నుంచీ అలవాటు లేదు. విధేయత లేని ఇంటికి ఏం జరుగుతుందో చూశావుగా. పాప జ్వరం చూశావుగా."

"పాప జ్వరం ఊసెత్తకండి!" అన్నయ్య అరవడం అంతకు ముందు నేనెప్పుడూ వినలేదు. "సేవకు పాపను ఇవ్వాలంటున్నారే, పాపను అడిగారా?"

"చిన్నపిల్లకేం తెలుసు?"

"తెలిసేదాకా ఆగండి మరి. దేవుడు ఆగగలడు, తొందరంతా మీకే. కాదనే వీలుండి ఔనంటే అది విధేయత. ఆ వీలు లేకుండా చేసి ఔననిపిస్తే దాన్నేమంటారు? మొక్కుబడిగా చేశాడంటారు. పుట్టినప్పటి నుంచి నన్ను ఆ మాటతోనే పిలిచారు కదా, మీకింకా అర్థం కాలేదా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వి, దగ్గుతో కప్పిపుచ్చారు. అన్నయ్య పాపను ఎత్తుకుని బయటికి నడిచాడు. వదినా నేనూ వెనకే వెళ్ళాం.

చర్చి మెట్ల మీద అమ్మ రొప్పుతూ వచ్చి అన్నయ్య చొక్కా పట్టుకుంది. "దేవుడితో ఆటలాడతావురా?"

"దేవుడు నన్నింకా ఏమీ అడగలేదమ్మా. నన్ను ఇస్తానన్నది నువ్వు."

నేనూ ఊరుకోలేదు. "మొక్కింది నువ్వు కదా, నువ్వే వెళ్ళు సేవకి! ఇంకొకళ్ళ పిల్లను ఇవ్వడానికి నువ్వెవరు?" అని మొహం మీదే అడిగేశాను.

అమ్మ నా వైపు చూడనైనా లేదు. "ఒరేయ్, ఇస్తానన్నాను కాబట్టే నిన్ను ఉంచాడురా. మాట తప్పితే తీసుకుపోతాడు. నువ్వా గోతుల్లో తాడు కట్టుకుని వేలాడుతుంటావు, ఇక్కడ ఫోను మోగిన ప్రతిసారీ ఆ కబురేననుకుంటాను. ఇన్నేళ్ళూ ఇంతే. ఇప్పుడు దీన్ని ఇస్తే నిన్ను వదిలేస్తాడనుకున్నాను."

ఇన్నాళ్ళూ నేను దాన్ని పంతమనుకున్నాను. చూస్తే అది వట్టి భయం. నా కోపం చల్లారలేదు, కానీ అమ్మ మీద చూపించడానికి మనసు రాలేదు.

అన్నయ్య పాపను ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "నాకూ భయమేనమ్మా. లోపల కాదన్నప్పుడు, పాపకు మళ్ళీ ఏమైనా అయితేనో అనిపించింది. కానీ ఇచ్చి, బెదిరించి, లాక్కునేవాడు దేవుడెలా అవుతాడు? ఆయన అలాంటివాడు కాదని నమ్మబట్టే కాదనగలిగాను. అలాంటివాడైతే ప్రతి ఆదివారం ఈ మెట్లెందుకు ఎక్కుతాను?"

అమ్మ చొక్కా వదిలేసింది. మెట్టు మీద కూలబడి, తలెత్తి అడిగింది.

"మరి ఇన్నేళ్ళూ నేను భయపడింది ఎవరికిరా?"

గుమ్మంలో పాస్టరుగారు బయటికొచ్చేవాళ్ళకు చేతులు కలుపుతూ, నవ్వుతూ, పేరు పేరునా దీవిస్తున్నారు. నేను మెట్లెక్కి నేరుగా ఆయన ముందు నిలబడ్డాను.

"మా అమ్మ ఒక మాట అడుగుతోంది," అన్నాను. "కిందికొచ్చి జవాబు చెప్పండి."