పరాయి చెయ్యి పడినందుకు నాలుగు వందలు

వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. చిన్నా పెద్దా అందరికీ పిటిషన్ బాబాయే. పగలంతా గిడ్డంగిలో సరుకు లెక్క రాసే గుమాస్తా. సాయంత్రం వరండాలో కుర్చీ వేసుకుని జనం తరఫున కోపం తెచ్చుకునేవాడు. ఫ్యాను బాగుచేసినవాడు వెయ్యని కాయిల్ వేశానన్నా, బైకు మెకానిక్ బిల్లులో లేని స్పేరు పార్టు దూర్చినా, డబ్బు కట్టేసి లబోదిబోమంటూ వచ్చినవాళ్ళకి రెండు పేజీల అర్జీ రాసి ఇచ్చేవాడు. అందుకు పైసా పుచ్చుకునేవాడు కాదు, అది మాత్రం చెప్పుకోవాలి. తన అర్జీ చూస్తే షాపులవాళ్ళకి చెమటలు పడతాయని ఆయన నమ్మకం. ఇప్పటికి ముప్ఫై రాస్తే డబ్బు వెనక్కి వచ్చింది నాలుగింటికి. అందులో రెండు, అర్జీ చేరకముందే వాళ్ళంతట వాళ్ళు ఇచ్చేసినవి. ఎవరైనా అడిగితే మాత్రం నాలుగనే చెప్పేవాడు. చెప్పాక లోపల్లోపల తనకే నవ్వొచ్చేది.

ఇది ఒక జబ్బు. రెండోది, కనబడ్డ వస్తువునల్లా విప్పడం. విప్పడం వరకూ బాగానే వచ్చు. బిగించేటప్పుడే ఒకటో రెండో స్క్రూలు మిగిలిపోయేవి. కంపెనీవాళ్ళు ఎప్పుడూ రెండు ఎక్కువే పెడతారని సర్దిచెప్పుకునేవాడు. ఈ పనికి తను పనికిరాడని ఆయనకి తెలియక కాదు. స్క్రూడ్రైవరు చేతికి రాగానే ఆ తెలివి ఎటో వెళ్ళిపోయేది, ఏం చేస్తాడు పాపం!

ఆయన భార్య, అంటే వీధి మొత్తానికి పిన్ని, పదిమంది ఆడవాళ్ళని కూడగట్టి బడిపిల్లల యూనిఫాంలు కుట్టిస్తుంది. ఆ పది కుట్టు మెషిన్లూ బజారు చివర ఉన్న ముసలి మేస్త్రి దగ్గరికే రిపేరుకి వెళ్తాయి. రెడీమేడ్ బట్టల రోజులొచ్చాక ముసలాయనకి మిగతా బేరాలు అంతంతమాత్రం. ఆ పదే ఆధారం.

పోయిన నెల పిన్ని రెండు రోజులు అక్కగారింటికి వెళ్ళింది. మెషిను కొంచెం గరగరమంటోందని వెళ్ళేముందు అనడమే ఆవిడ చేసిన పొరపాటు. వచ్చేసరికి చడీచప్పుడు లేకుండా తిప్పి చూపించాలనుకున్నాడు బాబాయి. కింది పలక విప్పాడు, షటిల్ ఊడదీశాడు, మెషిను నూనె కనబడక తలకి రాసుకునే నూనె ధారాళంగా పోశాడు. మళ్ళీ బిగించి చక్రం తిప్పితే సూది వెళ్ళి ఇనుముకి తగిలి టప్పున విరిగింది. ఇంకో సూది పెట్టి, గుడ్డ కప్పేసి, పేపరు తెరుచుకుని కూర్చున్నాడు.

పిన్ని వచ్చి తొక్కి చూసింది. కదల్లేదు. ఏమైందంటే పాతదైపోయిందేమోలే అని, ఆ తర్వాత తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. తనే మోసుకెళ్ళి మేస్త్రికి అప్పజెప్పాడు. అప్పజెప్పినవాడు నోరు మూసుకుని రావచ్చుగా? లోపల ఎడమవైపు స్క్రూ కాస్త బిగుతుగా ఉంటుంది, జాగ్రత్త అని సలహా కూడా పారేసి మరీ వచ్చాడు.

ఐదో రోజున పిన్ని దగ్గర కుట్టే అమ్మాయి డబ్బు కట్టి మెషిను తెచ్చింది. బిల్లులో అన్నిటికన్నా కింద ఒక వరస ఉంది: "పరాయి చెయ్యి పడినందుకు నాలుగు వందలు."

"మనింట్లో పరాయి చెయ్యి ఎవరిదండీ?" అంది పిన్ని.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, బాబాయి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. పోనీలే, ముసలాయన, ఏదో పొరపాటున రాసుంటాడు అన్నాడు. బిల్లు విషయంలో ఆయన నోట పోనీలే అన్న మాట రావడం అదే మొదలు.

"పక్కింటాయన ఇరవై రూపాయల కోసం మీరు రెండు పేజీలు రాశారు. నా నాలుగు వందలకి పోనీలేనా?"

నిజం చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ మంచినీళ్ళడిగాడు. చివరికి కలం పట్టుకున్నాడు. మొదటి వాక్యం మూడుసార్లు కొట్టేశాడుగానీ, రెండో పేరాకి వచ్చేసరికి అలవాటైన కోపం వచ్చేసింది. "నమ్మి వచ్చిన శ్రామిక మహిళ పట్ల జరిగిన పట్టపగటి దోపిడీ" అన్న ముక్క పడగానే ఒళ్ళు పులకరించింది. అంత మంచి అర్జీ అంతవరకూ రాయలేదు. సంతకం దగ్గరికి వచ్చాకగానీ ఆ దోపిడీదారు తనేనని గుర్తు రాలేదు. అయినా పెట్టాడు.

మర్నాడు పిన్ని, ఆవిడ జట్టులో ఇద్దరు, వాళ్ళ వెనక బాబాయి మేస్త్రి షాపుకి వెళ్ళారు. షాపంటే ఒక్క గది. నేలంతా విప్పిన మెషిను తలలు, గోడకి వేలాడే బెల్టులు. మేస్త్రి కళ్ళజోడు తుడుచుకుని రెండు పేజీలూ నిదానంగా చదివాడు. చదివి బాబాయి వంక చూశాడు. అయిపోయింది, చెప్పేస్తాడు అనుకున్నాడు బాబాయి. మేస్త్రి చెప్పలేదు. సొరుగు లాగి, నాలుగు వందలు బల్ల మీద పెట్టి, పొరపాటైందమ్మా అన్నాడు.

గండం గడిచింది. సిగ్గులేని మనసు దీన్ని ఐదో విజయం కింద లెక్క కూడా వేసేసుకుంది. ఈలోగా పిన్ని, ఇకమీదట తమ పది మెషిన్లూ ఈ గుమ్మం తొక్కవని, దొంగబిల్లులు రాసేవాళ్ళతో తమకి పొత్తు లేదని చెప్పింది. మేస్త్రి మీ ఇష్టమన్నట్టు తలూపి, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకోబోయాడు. జేబు దొరకలేదు. రెండోసారీ దొరకలేదు. అది చూసిన బాబాయికి తన మీద తనకి పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ లేనంత అసహ్యం వేసింది.

"నేనే," అన్నాడు. "విప్పింది నేనే. తలనూనె పోసిందీ నేనే."

జట్టులో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పిన్ని ఆయన వైపు తిరగనైనా లేదు. ఇది ఎన్నోసారని మేస్త్రినే అడిగింది.

"నాలుగోసారమ్మా. ముందు మూడుసార్లూ బిల్లులో వెయ్యలేదు. ఈసారి పాత నూనే కొత్త నూనే కలిసి గడ్డకట్టి రెండు రోజులు పట్టింది."

ఆ మూడుసార్లూ తను సగం బాగుచేసి పెడితే మేస్త్రి మిగతా సగం చేశాడనే ఇన్నాళ్ళూ బాబాయి అనుకుంటున్నాడు.

పిన్ని డబ్బు మేస్త్రి వైపు జరిపింది. అన్న మాటకి ఏమీ అనుకోవద్దంది. మెషిన్లు ఎప్పటిలాగే వస్తాయంది. అర్జీ మాత్రం మడిచి సంచిలో పెట్టుకుంది.

జట్టువాళ్ళు ఏదో పని ఉందని ముందే తప్పుకున్నారు. మొగుడూ పెళ్ళాం ఇద్దరే నడుస్తున్నారు. తిడుతుందేమోనని చూశాడు బాబాయి. తిట్టకపోయేసరికి, తిట్టినా బాగుండుననుకున్నాడు.

"ఐదు రోజులూ నాకు నిద్ర లేదండీ," అంది పిన్ని, వీధి మలుపు తిరిగాక. "మెషిన్ని నేనే పాడుచేసుకున్నానేమో, నా చేతుల్లోనే పని పోయిందేమో అని కుమిలిపోయాను. మీరు పక్కనే పడుకుని కూడా చెప్పలేదు."

బాబాయి రోడ్డు పక్కన ఆగి, కళ్ళు తుడుచుకుని, తప్పయిపోయింది, క్షమించమన్నాడు.

పిన్ని సంచిలోంచి అర్జీ తీసింది. విప్పి, వెనకవైపు ఖాళీగా ఉందో లేదో చూసి, ఆయన చేతిలో పెట్టింది.

"ఆ మాటే రాసివ్వండి," అంది.