తడిపి సర్దిన సంచి

ఈ ఉదయం దుప్పట్లు ఎండకు వేద్దామని బీరువా తెరిస్తే అడుగు అరలో పత్తి కోటు చేతికి తగిలింది. కుట్టించిన నాటి నుంచి ఒక్కరూ తొడగని కోటు. డాబా మీద తీగకు వేస్తుంటే పక్కింటావిడ చూసి, ఖమ్మంలో అంత మందం కోటు ఎవరికండీ, పరుపుకు చేతులు కుట్టినట్టుంది అని నవ్వింది. మా మేనకోడలికి అన్నాను. పోయిన ఏడాది తెరచాప పడవలో మంచు సముద్రానికి వెళ్ళొచ్చిన పిల్ల మాదేనని వీధంతా తెలుసు. మరి వేసుకుపోలేదేం అని అడిగింది. బరువెక్కువని వదిలేసిందని చెప్పాను. అబద్ధం కాదు గానీ, నిజం అంతటితో అయిపోదు.

ఆ పిల్ల మా పెద్ద తమ్ముడి ఒక్కగానొక్క కూతురు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు చెరువులో తెరచాప పడవ నడపడం నేర్చింది. సరదా అనుకున్నాం. సెలవు పూట ఒకరు సినిమాకు పోతారు, ఒకరు పడవకు పోతారు. తర్వాత గోవా వెళ్ళి సముద్రం మీద నేర్చింది. చివరికి ఒకరోజు ఫోన్ చేసి, ఆడపిల్లల జట్టొకటి గాలిని నమ్ముకుని దక్షిణాన మంచుగడ్డలు తేలే సముద్రం దాకా పోతున్నదనీ, అందులో తనూ ఉన్నదనీ చెప్పింది. మా మరదలికి సంతోషపడాలో ఏడవాలో తెలియక రెండూ చేసి, గోంగూర పచ్చడి పట్టే పనిలో పడింది. నేను సామాను సర్దడానికని తల్లాడలో తమ్ముడి ఇంటికి వెళ్ళాను. మూట కట్టడంలో మా ఇంట్లో నాకు పేరుంది. నేను కట్టింది విప్పితే మళ్ళీ కట్టడం ఎవరి తరమూ కాదంటారు. అది మెచ్చుకోలో, ఎత్తిపొడుపో ఇన్నేళ్ళైనా నేను తేల్చుకోలేదు.

తమ్ముడు మాత్రం నోరు విప్పలేదు. ఎందుకో నాకూ మరదలికీ తెలుసు. మేము పినపాక దగ్గర గోదారి ఒడ్డున పుట్టినవాళ్ళం. నది మధ్య లంకలో మాకు మిరప తోట ఉండేది. ఒక చలికాలం పొద్దున, పొగమంచులో, మా చిన్న తమ్ముడు నాటుపడవ ఎక్కి తోటకు బయలుదేరాడు, మళ్ళీ రాలేదు. పడవ ఇసుకమేటకు తగిలి ఒరిగింది. అందులో ఉన్న మిగతా ఇద్దరూ ఈదుకుంటూ ఒడ్డుకు వచ్చారు. మావాడు ఈత రాని పిల్లాడు కాదు, ఎండాకాలం గోదారిని అడ్డంగా ఈది వచ్చేవాడు. గోదారి తల్లి తీసుకుందని ఊరు సరిపెట్టుకుంది. పెద్ద తమ్ముడు సరిపెట్టుకోలేదు. అంత ఈత వచ్చినవాడు ఎందుకు మునిగాడన్నది ఆయన్ని తినేసింది. ఆ భూమి అమ్మి, నది కంటికి కనబడని చోటు వెతుక్కుని తల్లాడ వచ్చి పత్తి పెట్టాడు. భద్రాచలం పోయినా వంతెన దాటేదాకా కళ్ళు మూసుకుని కూర్చుంటాడు. అలాంటి మనిషి కడుపున సముద్రం సముద్రం అనే పిల్ల పుట్టింది. దేవుడికి వేళాకోళం ఎక్కువ.

ప్రయాణం దగ్గరపడే కొద్దీ ఇల్లు బిగుసుకుపోయింది. మరదలు పచ్చడి జాడీ సంచిలో పెట్టేది, పిల్ల తీసేది. ఒక్కొక్కరికి ఒక్క సంచే అని చెప్పేది. వాళ్ళ నాన్న అన్నం తిని లేచిపోయేవాడు. వంటింట్లో నా పక్కన కూర్చుని పిల్ల ఒకరోజు అంది:

"వద్దంటే కొట్లాడుత. పొమ్మంటే పోత. ఏం అనకపోతే ఎట్ల, అత్తా? నాన్న పోయిరమ్మని ఒక్క మాట అనకుండ నేను పడవెక్కలేను."

మాట అన్నది గోరుతో గిల్లితే వచ్చేది కాదు.

మర్నాడు తమ్ముడు ఖమ్మం పోయి సాయంత్రానికి ఈ కోటుతో వచ్చాడు. మా చేలో తీసిన పత్తినే గింజ తీయించి, తరాలుగా పరుపులు కుట్టే సాయిబు గారి చేత దగ్గరుండి కుట్టించాడట. మంచులో కూడా చెమట పడుతుందని సాయిబు గారు హామీ ఇచ్చారట. చాలా రోజులకు ఆ ఇంట్లో తమ్ముడి గొంతు వినపడింది. కోటు కూతురి ఒళ్ళో పెట్టి, కొలత సరిపోయిందో చూడు అన్నాడు. పోయిరమ్మని చెప్పడం ఆయనకు అంతకంటే చేతకాదు. మరదలు కళ్ళు తుడుచుకుంది. నాకూ గుండె తేలికపడింది.

పిల్ల కోటు నిమిరింది, మొహానికి ఆనించుకుంది. ఆ తర్వాత మెల్లగా చెప్పింది.

"నాన్నా, పత్తి ఒక్క పోగు గూడ తేవద్దన్నరు మా జట్టోళ్లు. తడిస్తే నీళ్లు తాగి బరువైతది, ఆరదు. ఒంట్ల వేడంత గుంజుకుంటది. గీ మందం కోటుతోని నీళ్లల్ల పడితే చేతులు గూడ ఆడయ్. ఎంత ఈత వచ్చినోళ్లకైనా కష్టమే. ఉన్నిదైతే తడిసినా వెచ్చగుంటది."

పిల్లకు చిన్నాన్న గోదారిలో పోయాడని తెలుసు, అంతే. ఆ పొద్దున చలికి వాడు వణుకుతుంటే కొత్త పత్తి బొంత కప్పి, చేతులకు అడ్డం రాకూడదని రెండు కొసలూ మెడ వెనక బిగించి ముడేసింది మా పెద్ద తమ్ముడేనని తెలియదు. చలికాలం పిల్లల్ని చేనుకు పంపేటప్పుడు మా వైపు అందరూ అలాగే కట్టేవాళ్ళు. నేను తమ్ముడి వైపు చూడలేకపోయాను. ఆయన కోటు తీసుకుని మడిచి, సరేనమ్మా అని బయటికి వెళ్ళిపోయాడు. అలిగాడనుకుని పిల్ల ఏడుపు మొహం పెట్టింది.

మర్నాడు పొద్దున్నే పాలకని లేస్తే బోరు దగ్గర సిమెంటు తొట్టి పక్కన తమ్ముడు నిలబడి ఉన్నాడు. కోటు తొట్టిలో ముంచి ఉంది. నన్ను చూసి రెండు చేతులతో దాన్ని పైకి లేపాడు. నీళ్ళు ధారలుగా కారుతున్నాయి.

"గింత బరువు వాని మెడకు కట్టిన్నక్కా. చలి పెడ్తదని నేనే ముడేసిన."

నాకు ఏడుపు ఆగలేదు. "నీకెట్ల తెలుస్తదిరా. అమ్మ మనకందరికీ గట్లనే కట్టింది" అన్నాను. అంతకంటే మంచి మాట ఆ వేళ నా దగ్గర లేదు, ఇప్పటికీ దొరకలేదు. ఆయన కోటును తొట్టి గోడ మీద వేసి పిండబోయాడు. సగమే పిండగలిగాడు. పిల్లకు చెప్పకు అని మాత్రం అన్నాడు.

ఆ రోజు మా ఇంట్లో జరిగిన భాగోతం నవ్వాలంటే నవ్వొచ్చు. తమ్ముడు బకెట్టు నిండా చల్లటి నీళ్ళు తెచ్చి వసారాలో పెట్టుకుని, పిల్ల సంచి విప్పి, అందులోని బట్టలు ఒక్కొక్కటే ముంచసాగాడు. నేను ముచ్చటపడి మడత పెట్టిన మేజోళ్ళు, టోపీ, లోపల వేసుకునే ఉన్ని చొక్కా, చేతి తొడుగులు అన్నీ. ఒక్కోదాన్ని పిండి, తన చేతికి చుట్టుకుని, కళ్ళు మూసుకుని కాసేపు కూర్చుంటాడు. వెచ్చబడితే ఒక పక్క, లేకపోతే ఒక పక్క. ప్రయాణం ముందు ఇదేం పనని మరదలు మొత్తుకుంది. పిల్ల మొదట కసురుకుంది, తర్వాత బిత్తరపోయి నా మొహం చూసింది. చూడనీ అన్నాను. కూతురు కొనుక్కున్న టోపీ ఒకటి ఆయన పరీక్షలో తప్పింది. చూస్తే నిజంగానే లోపల పత్తి గుడ్డ ఉంది. దాన్ని అవతలికి విసిరేసి, నాకు మా ఆయన ఎప్పుడో కొనిచ్చిన ఉన్ని మఫ్లరు అడిగి తీసుకుని, అదీ తడిపి చూసి సంచిలో చేర్చాడు.

ఆరిన బట్టలు ఆయనే సర్దాడు. నా చేయి పడనివ్వలేదు. సంచి మూతి కట్టి కూతురి భుజానికి తగిలించి, పట్టీ మెడ మీద పడకుండా జరిపాడు. "నీళ్లల్ల పడ్డప్పుడు జల్దీ ఊడేదే ఒంటి మీద ఉండాలె బిడ్డా. పోయిరా" అన్నాడు. పిల్ల ఆయన్ని వాటేసుకుని చాలాసేపు వదల్లేదు. ఆమె బస్సెక్కాక తమ్ముడు కోటు నాకిచ్చి, నీ దగ్గర పెట్టుకో అక్కా, పారెయ్యలేను, చూడలేను అన్నాడు.

పత్తి ఏరుతున్న రోజుల్లో సముద్రం నుంచి ఫోన్ వచ్చింది. వాళ్ళ నాన్న చేలో ఉండి ఎత్తలేదని నాకు చేసింది. కీచుమంటూ గొంతు తెగి తెగి వస్తోంది. "నిన్నటి దాక గాలివానత్తా. ఒంటి మీద పొడి పోగు లేదు. అయినా వెచ్చగనే ఉన్ననని నాన్నకు చెప్పు." చెప్పాను. తమ్ముడు ఫోన్లో వెచ్చగున్నదా అని అడిగాడు. అవ్ అన్నాను. కొంచెం ఆగి మళ్ళీ అదే అడిగాడు. మళ్ళీ అవ్ అన్నాను.

ఈ సాయంత్రం తీగ మీంచి కోటు తీసి మడత పెట్టాను. పైకి ఎండకు పెళపెళలాడుతోంది గానీ, కుట్ల మధ్య దూది ఉండకట్టి రాయిలా ఉంది. తడిసిన దూది విప్పి ఏకితే తప్ప మెత్తబడదని సాయిబు గారు ఒకసారి చెప్పారు. కాలం తడి ఆరబెడుతుంది, అంతవరకే దాని పని. ఉండలు మిగిలే ఉంటాయి.