అటుక కింద వదిలిన జాగా

ఇంట్లో ఒక్క అర్ర జోలికి పోనని మా వదిన నాకు మాట ఇచ్చింది. ఆ మాట పొద్దు గూకే దాకా కూడా నిలవలేదు. ఇది జరిగి యాభై ఏళ్లు దాటింది. పోయిన నెల దేవరకొండ నుంచి ఆమె బిడ్డ ఫోను చేసి, "అమ్మ పోయింది చిన్నాయినా" అన్నప్పుడు నాకు మొదట గుర్తుకొచ్చింది ఆమె పెట్టిన అన్నం కాదు, ఆ తప్పిన మాట. చనిపోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. అట్లా రాసినవి చాలా చదివాను. ఒక్కటీ నమ్మలేదు. అందుకని జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. పోలీసు యాక్షన్ అయి ఏడాది తిరగలేదు. రజాకార్ల భయం పోయి మిలిటరీ భయం వచ్చింది. మా ఊళ్లో పగలు క్యాంపుకు జవాబు చెప్పాలి, చీకటి పడితే కమ్యూనిస్టు దళానికి. రెండూ పడలేక మా అన్న దేవరకొండలో, కోట కింది వీధిలో ఒక ఇల్లు కిరాయికి తీసుకున్నాడు. అందులో ఉన్న సర్కారు ఉద్యోగి కుటుంబం యాక్షన్ జరిగిన వారంలోనే తాళం వేసుకుని పట్నం వెళ్లిపోయిందట. నెలల తరబడి మూసి ఉన్న ఇంటిని మనుషులు ఉండేటట్టు చేసే పని వదినది. ఆమెకు తోడుగా నేను వెళ్లాను.

వదిన ఏ ఇంటినీ తొందరగా నమ్మేది కాదు. తాళం తీశాక లోపలికి పోకుండా గడపలోనే నిలబడి వాసన చూసింది.

"మనుషులు పోయిన్రు గని ఇల్లు ఇంక ఆళ్లదే మరిది. గోడలు మనల్ని ఎట్ల జూస్తున్నయో సూడు."

"గోడలకు కండ్లుంటయా వదినా?"

"సదువుకున్నోనివి, నీకు కనవడయి తియ్యి."

మూడు రోజులు కడిగింది. పొడుగు కట్టెకు చీపురు కట్టి బూజు దులిపింది. కుంపట్లో వేపాకు పొగబెట్టి తలుపులు మూసింది. ఎలుక బొక్కల్లో గాజు పెంకులు కూరి పైన మట్టి మెత్తింది. దర్వాజా సందుల్లో నల్లులున్నాయని మసిలే నీళ్లు పోసింది. గోడలకు సున్నం కొట్టింది. "ఎదురుంగ ఉన్న మురికి మంచిదే, అది దాసుకోదు. తలుపెన్కది జూడాలె" అనేది. ఆమె ఆ మాట అన్న ప్రతిసారీ నన్నే అంటున్నదేమోనని అనుమానపడేవాణ్ని.

అనుమానానికి కారణం ఉంది. మూడో రోజు తెల్లవారేసరికి ఆ ఇంటి నడి అర్రలో, అటుక మీద, ఒక మనిషి పడుకుని ఉన్నాడు. నాతో బడిలో చదివినవాడు, దళంలో పనిచేసేవాడు. ఒళ్లు కాలిపోయే జ్వరం. వదిన చంటిదానితో రాత్రిళ్లు చుట్టాలింట్లో పడుకునేది. ఆమె రాకముందే నేనే ఎక్కించాను. నేనూ చాటుగా ఆ దళం మనిషినే. మా దళ నాయకుడు ఒకే ఒక్క షరతు పెట్టాడు: "మీ వదినకు చెప్పకు. ఆమె తమ్ముడు సర్కారు కచ్చేరిలో రాతపని చేస్తున్నాడు." ఆ షరతు నాకు కష్టం అనిపించలేదు. అప్పటికే నా మనసులో ఉన్న మాటే ఆయన అన్నాడు.

"వదినా, నడి అర్ర జోలికి పోకు. రేపు నేనే సదురుకుంట."

"ఏమున్నది అండ్ల?"

"అటుక మీద నా పుస్తకాలు పెట్టిన."

"నీ పుస్తకాల మీద నీళ్లు జల్లుతనా? సరే, పోను. పో."

నేను సామాను తేవడానికి బండి కట్టుకుని ఊరికి పోయాను. తర్వాత జరిగింది పక్కింటి అవ్వ వీధంతా చెప్పింది, నాకూ చెప్పింది. కొత్త ఇంట్లో పాలు పొంగించే ముందురోజు ఇల్లంతా ఒకే తడిగా అలకాలని, ఒక్క అర్ర వదిలినా అశుభమని మా దిక్కు పట్టింపు. అవ్వ చూడవచ్చి నడి అర్ర ముందు ఆగింది.

"ఏందే కోడలా, పొద్దుగాల పాలు పొంగియ్యవోతివి, నడి అర్ర ఎండవెడ్తివి? సావు ఇంట్ల గూడ గిట్ల ఇడువరు."

"మరిదికి మాటిచ్చిన అవ్వా."

"మొగపోరనికి అలుకు సంగతేమెరుక? రేపు నీ సంటిదానికి ఏమన్నయితే నీ మరిది జూస్తడా?"

చంటిది తొట్టెలలో ఊగుతోంది. వదిన తొట్టెల దిక్కు చూసిందట. పేడ నీళ్ల తొట్టి తెచ్చి నడి అర్ర అలికింది. అయినా నాకిచ్చిన మాట ఆమెను గుచ్చినట్టుంది. అటుక కింద మాత్రం రెండు మూరల జాగా పొడిగా వదిలేసింది. అంతమటుకు మాట నిలిచినట్టే అనుకున్నదేమో. గడపకు ముగ్గేసి, తాళం వేసి, బిడ్డనెత్తుకుని చుట్టాలింటికి పోయింది.

తాళం పడ్డ చప్పుడు విని అటుక మీంచి వాడు దిగాడు. జ్వరంలో దాహం. మూలన గోలెంలో నీళ్లున్నాయి.

ఆ సాయంత్రమే వీధిలో సోదా. పోలీసు అమీను వదినను పిలిపించి తాళం తీయించాడు. అద్దంలా అలికిన నేల. దాని మీద మగవాడి అడుగులు. పొడిగా వదిలిన జాగా దగ్గర మొదలై గోలెం దాకా పోయి, మళ్లీ అక్కడికే వచ్చి ఆగాయి. పైన అటుక. వేలు పెట్టి చూపించినా అంత సూటిగా ఉండదు.

"ఎవరివి ఈ అడుగులు?"

"నావే."

అమీను నవ్వి, కాలు పెట్టి చూపించమన్నాడు. ఆమె పెట్టింది. ఆ అడుగులో ఆమె కాలు సగానికి వచ్చింది.

వాణ్ని తీసుకుపోయారు. తిరిగి రాలేదు.

ఆమె "నావే" అన్న సంగతి అన్న నాకు చెప్పాడు. నాటకం అనుకున్నాను. పొడి జాగా వదలడం గుర్తు పెట్టడమే అనుకున్నాను. దళ నాయకుడికి అదే చెప్పాను. ఆయన తర్వాత పెద్దమనిషై, జ్ఞాపకాల పుస్తకం రాసి, అందులో "ఒక స్త్రీ ద్రోహం వల్ల" అని ఒక వాక్యం పెట్టాడు. ఆ పుస్తకంలో అబద్ధాలు చాలా ఉన్నాయి. ఆ ఒక్క అబద్ధం మాత్రం నేనిచ్చింది.

ఆ తర్వాత నన్నూ పట్టుకున్నారు. రెండేళ్లు జైలులో ఉండి వచ్చిన రోజు వదిన జొన్నరొట్టె, పుంటికూర పచ్చడి పెట్టింది. కంచం ముందు కూర్చుని, "ఎందుకలికినవ్?" అన్నాను.

"ఇల్లని అలికిన మరిది."

అంతే. ఇంకో మాట ఆమె అనలేదు, నేను అడగలేదు. ఆ తర్వాత ఎన్ని శుక్రవారాలు వచ్చాయో, ఎన్నిసార్లు ఇల్లు అలికిందో, అటుక కింద ఆ రెండు మూరలు మాత్రం అలకలేదు. అన్న ఆ ఇల్లు కొన్నాడు, బండలు పరిపించాడు. తడిబట్ట పెట్టి ఇల్లంతా తుడిచినా ఆ జాగా దగ్గర ఆమె చేయి చుట్టు తిరిగి పోయేది. నన్ను దెప్పడానికే అనుకున్నాను. జ్వరమొస్తే నాకు గంజి కాచి పంపింది ఆ చేయే. గంజి తాగాను, అనుమానం మానలేదు.

మొన్న కార్యమయ్యాక ఇల్లు కడిగారు. ఒకప్పుడు తొట్టెలలో ఉన్న ఆ బిడ్డ, ఇప్పుడు తలనెరిసిన మనిషి, బట్టతో తుడుచుకుంటూ వచ్చి అటుక కింద ఆగింది. నేను వెళ్లి అక్కడ పీట మీద కూర్చున్నాను.

"గీ రెండు బండలు అమ్మ ఎన్నడు తుడువలె, మమ్ముల తుడువనియ్యలె. ఎందుకే అంటే, 'మీ చిన్నాయిన వద్దన్నడు. ఆయన మల్ల చెప్పిందాక ఉండనీ' అనేది. ఇగ తుడువాల్నా?"

కచ్చేరి తమ్ముణ్ని, పక్కింటి అవ్వను, దళ నాయకుణ్ని ఇన్నేళ్లూ ఒకరి తర్వాత ఒకరిని తిట్టుకున్నాను. వాళ్లెవరూ ఆమె ముందు నిలబడి పుస్తకాలున్నాయని అనలేదు. అటుక మీద మనిషి ఉన్నాడని చెప్పి ఉంటే, ఆమె ఆ అర్ర గడప మీదే బిడ్డనేసుకుని కూర్చునేది.

తల తిప్పి చూశాను. తడి బండల మీద, గడప నుంచి ఆ పొడి జాగా దాకా అడుగులు పడి ఉన్నాయి. ఎవరివని ఈసారి ఎవరూ అడగలేదు.

నావే.