రెండు వేళ్ల సందు

ఖమ్మం బజారులో గాజు తునకను సగం ధరకు కొని, దానితో ఒక బల్లుల కాపురాన్ని కూల్చిన మొనగాణ్ని నేనే. ఈ పొద్దున పాత సామాను కొనేవాడు మా అటక మీది గాజుపెట్టెను కిందికి దించి "ఎంతకిస్తరు సేటూ?" అని అడిగితే, బేరానికి నోరు రాలేదు. స్టీలు సామాన్ల కొట్టులో పుట్టి పెరిగినవాడికి ఇంతకంటే అవమానం లేదు.

ఆ పెట్టెలో మా చెల్లె బల్లులను పెంచేది. గోడల మీద పాకేవి కావు. పసుపు ఒంటి మీద నల్ల చుక్కలు, మనిషిలా రెప్పలార్చే జంట. ట్రైనింగ్ కోసం హైదరాబాదు పోతూ పెట్టెను నా కొట్టులో దించింది. గంగాళం కోసం టేకులపల్లి నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు చూసి, "మా అడివిల గిసొంటియి మస్తు తిరుగుతయి. పైసలు పెట్టి కొన్నరా?" అని జాలిపడ్డాడు. ఆయనకు గంగాళం మీద పైసా తగ్గించలేదు. ఇంకొకడు చెవి దగ్గరికి వచ్చి, లక్షలు పలుకుతయట గదా అన్నాడు. వాణ్ని తరిమేశాను.

ఆ జంట పెట్టిన రెండు గుడ్లూ పగిలి పిల్లలు బయటికొచ్చిన రోజు చెల్లె ఫోన్లో గట్టిగా చెప్పింది. "అన్నా, జల్దీ వేరే పెట్టె కొని పిల్లల్ని అండ్ల వెయ్యి. పెద్దయి తింటయి."

"కన్నపిల్లల్ని తింటయా?"

"అవ్, వాటికేం తెల్వది. బేరం చెయ్యకుండ కొను, నీకు దండం పెడ్త."

నాకు ఒళ్లు మండింది. మా ఇళ్లలో పసిబిడ్డను మొదటిసారి గడప దాటిస్తే నేరుగా కొట్టుకే తెస్తారు. తండ్రి గల్లాపెట్టె పక్కన పడుకోబెట్టి, చిన్న పిడికిలిని కాటాకు తాకిస్తారు. నేనూ అట్లాగే పెరిగాను. తండ్రి కళ్లముందు పెరగని పిల్ల ఏం పిల్ల? పైగా వేరే పెట్టెకు గాజుకొట్టాయన చెప్పిన ధర వింటే నవ్వొచ్చింది. అతని కొట్టు మూలన పడి ఉన్న తునకను సగానికి దించి తెచ్చి, అదే పెట్టెలో అడ్డంగా నిలబెట్టాను. పిల్లలు ఇటు, పెద్దలు అటు, ఒకరినొకరు చూసుకోవడానికి మధ్యలో అద్దం. పక్కన రెండు వేళ్ల సందు మిగిలింది.

"గీ సందేంది?" అంది మా ఆవిడ.

"పెద్దదాని తల పట్టదు తియ్."

పట్టలేదు కూడా. పిల్లలే అటు పోయాయి. పొద్దున షట్టరు లేపేసరికి మగబల్లి మూతి నాక్కుంటూ, నన్ను చూసి తీరిగ్గా రెప్ప వాల్చింది. రెండో పిల్ల తోక వదిలేసి వచ్చి మూలన నక్కింది. కన్నతండ్రివేనా నువ్వు అని కొట్టులో నిలబడి బల్లిని తిట్టాను. గాజుకొట్టుకు పోయి అక్కడా తిట్టాను. "కురచైతదని ముందే చెప్పిన గద సేటూ" అన్నాడాయన. ఆ మాట నిజం కావడంతో కోపం ఇంకా పెరిగింది, ఇప్పటికీ దిగలేదు.

చెల్లె హైదరాబాదు నుంచి వచ్చింది. జంటను, తోకలేని పిల్లను వేర్వేరు డబ్బాల్లో సర్దుకుని, పెట్టెను నాకే వదిలి పోయింది.

ఇక లెక్క. మిగిలింది, గాజు మీద సగం ధర. పోయింది, ఒక పిల్ల. రెండోదానికి నెలలు తిరిగేసరికి తోక మొలిచింది, మునుపటి చారలు లేకుండా చిన్న ముల్లంగిలా ఉబ్బి. కాలం ఆ మాత్రం తిరిగిస్తుంది. చెల్లె మాత్రం ఇన్నేళ్లుగా, నేను ఇదే ఊళ్లో ఉన్నా, ఊరికి పోయినప్పుడల్లా ఇంటి తాళంచెవి ఎదురింటివాళ్లకు ఇచ్చి పోతోంది.